కంఠతా వచ్చిన నాన్న

12 ఏప్రిల్ 1953
పగలు పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ. సాయంత్రం రైల్వే క్వార్టర్స్ పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్. బి.ఏ. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పినవాణ్ణి, అయినా ఈ రాయపూర్‌లో మన తెలుగువాళ్లకు నేనే పెద్ద దొరని. నా పద్ధతి ఒక్కటే. ఎస్సేలు నేను రాసిస్తాను, పిల్లలు కంఠతా పడతారు. ఒక్క మాట మార్చారా, గోడకుర్చీ.

ఫైర్‌మన్ దానయ్య కూతురు చిన్నమ్మ ఇవాళ "మై ఫాదర్" గుక్క తిప్పుకోకుండా అప్పగించింది. గుమ్మంలో నిలబడ్డ దానయ్య, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, మురిసిపోయాడు.

3 మే
దానయ్య పోయాడు. కామెర్లు. వారం రోజుల్లో.

21 జూన్
దానయ్య భార్య వరహాలమ్మ వచ్చింది. తండ్రి లేని పిల్లలకు బళ్లో ఫీజు లేకుండా ఫ్రీషిప్ ఇస్తారు, కాని ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. ఎలాగైనా పాస్ సేయించండి బాబూ, నేకపోతే దీన్నీ నాతో షెడ్డు కాడ బొగ్గులేరడానికి తోలుకెళ్లాల, పిల్ల జిందగీ ఖరాబ్ అయిపోద్ది అని ఏడ్చింది. నాదీ పూచీ అన్నాను. పెద్ద మొనగాణ్ణి కదా!

28 జూన్
చిన్నమ్మ తండ్రి గురించి తనంతట తనే ఆరు లైన్లు రాసి తెచ్చింది. సబ్బుకు వదలని చేతుల మసి, చివరిరోజు మంచినీళ్లడగడం. నిండా తప్పులే. అడ్డంగా కొట్టేశాను. నాన్న లేడు కదా మాస్టారూ, ఉన్నాడని ఎలా రాసీది అని అడిగింది. నీ ఏడుపు ఎవడిక్కావాలి, తప్పుల్లేని ఇంగ్లీషు కావాలి, నేనిచ్చింది రాయి అని కసిరాను. తలూపింది.

4 జూలై
పరీక్షలో "మై ఫాదర్" వచ్చిందట! ఒక్క తప్పు లేకుండా రాశానంది చిన్నమ్మ. జిలేబీ కొని అందరికీ పంచాను.

11 జూలై
బడి హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించింది. హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది. చిన్నమ్మ కాగితం నా ముందు పెట్టింది. మా నాన్న ఆరోగ్యంగా ఉన్నాడు, రోజూ సాయంత్రం మమ్మల్ని షికారుకు తీసుకెళ్తాడు. అన్నీ నా వాక్యాలే. దరఖాస్తులో తండ్రి చనిపోయాడని ఉంది. తను రాసేదేమిటో తెలియని పిల్లకు ఫ్రీషిప్ ఎలా ఇమ్మంటారని అడిగింది.

తెలుసమ్మా, ఆ పిల్లకు అంతా తెలుసు, నన్ను అడిగింది కూడా అని చెప్పవలసింది. సిగ్గులేని వెధవని. నమస్తే పెట్టి వచ్చేశాను.

12 జూలై
వరహాలమ్మ నన్నొక్క మాట అనలేదు. నా పిల్లే మొద్దు బాబూ, తమరేం సేత్తారు అంది. చిన్నమ్మ పక్కనే నిలబడి నా వైపు చూసింది. నేను నిజం చెప్పలేదు. ఆ పిల్లా చెప్పలేదు.

2 ఆగస్టు
పాయింట్స్‌మన్ బంగారయ్య తన కూతుర్ని ట్యూషన్‌కు తెచ్చాడు. నాకు ఇంగ్లీషు రాదని చెప్పాను. పగలబడి నవ్వి, పిల్లను గుమ్మంలోనే వదిలేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.