అమ్మ చేతి బన్ను

మార్చి 25, ఆదివారం

వచ్చే ఆదివారం అమ్మ లేని మొదటి ఈస్టర్. చర్చి బయట మెర్లీన్ పిన్ని నన్ను పట్టుకుంది. "నోరీన్, ఈసారి ఈస్టర్ బన్ను నువ్వే చెయ్యాలి. సౌత్‌ఫీల్డ్ ఊరు మొత్తంలో మీ అమ్మ చేతి బన్ను లాంటిది లేదని ఫ్యునరల్లో పాస్టరే అన్నాడుగా" అంది. సరేనన్నాను. ఎందుకన్నానో!

మార్చి 27, మంగళవారం

మొదటి బన్ను రాయి. కుక్క కూడా మూతి తిప్పుకుంది.

మార్చి 28, బుధవారం

రెండోది పొంగింది. లోపల పచ్చి పిండి. నల్లటి చెరకు పాకం, మొలాసిస్, ఎక్కువై చేదు. బన్ను చేసే రోజు అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. గాలి తగిలితే పిండి పొంగదని తలుపు గడియ పెట్టేది. నేర్పకుండానే పోయింది. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. నాన్న చూశాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. రిటైరైన పోలీసు సార్జెంటు కదా, ఏడుపు చూస్తే ఏం చెయ్యాలో తోచదు ఆయనకి.

మార్చి 29, గురువారం, మధ్యాహ్నం రెండు

 

బన్నుతో తినడానికి చీజు కొనుక్కుని తిరిగొస్తుంటే గేటు దాకా జాజికాయ వాసన. అమ్మ ఉన్నప్పటి వాసన. నిజంగా భయమేసింది. వంటింట్లోకి పరుగెత్తాను.

నాన్న! అమ్మ ఏప్రన్ కట్టుకుని, మోచేతుల దాకా పిండితో. ఆ పిసకడం కొత్తవాడిది కాదు. మొలాసిస్, నల్ల బీరు, నానేసిన కిస్మిస్, దాల్చినచెక్క పొడి, అన్నీ చూపుతోనే కొలిచి వేస్తున్నాడు.

ఎవరు నేర్పారన్నాను. "మా నాయనమ్మ. మన ఇంట్లో బన్ను ఎప్పుడూ నేనే చేశా. స్టేషన్లో తెలిస్తే నన్ను బతకనిచ్చేవాళ్లా? బన్ను సార్జెంట్ అని పేరు పెట్టేవాళ్లు."

డ్యూటీలో ఉండేవాడివి కదా అన్నాను. వెనక తలుపులోంచి వచ్చేవాణ్ణి అన్నాడు.

కుర్చీలో కూలబడ్డాను. మరి అమ్మ లోపల ఏం చేసేది?

"అదిగో, ఆ కుర్చీలోనే. చెప్పులు విడిచి, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని నిద్రపోయేది. ఏడాది మొత్తంలో ఆ ఒక్క పూటే దానికి విశ్రాంతి."

ఫ్యునరల్లో అంతమంది పొగుడుతుంటే ఈయన నోరు మెదపలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

మార్చి 30, గుడ్ ఫ్రైడే, సాయంత్రం

పిన్ని, మా చర్చి పెద్ద డీకన్ రాయిస్టన్, ఆయన భార్య వచ్చారు. పిన్ని ఒక ముక్క చీజుతో కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. అక్క చెయ్యి అచ్చంగా నీకొచ్చింది అంది. నేను నోరు తెరిచేలోగా నాన్న లేచాడు.

"నేను చేశా. ప్రతి ఏడూ నేనే."

 ఒకటే నవ్వులు. పిన్నికి పొలమారింది. "బావా, నీకు టీ కాచుకోవడమన్నా వచ్చా?" అంది. డీకన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాన్న తల వంచుకున్నాడు. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

టేబుల్ మీద చరిచాను. నా కళ్లతో చూశానని అరిచాను.

నవ్వులు ఆగాయి. నాన్న మరో ముక్క కోసి పిన్ని ప్లేటులో పెట్టాడు. "మీ అక్క కాసేపు పడుకుంటుందని చేసేవాణ్ణి" అన్నాడు.

పిన్ని ఏడవడం మొదలుపెట్టింది.

మార్చి 31, శనివారం

పొద్దున్నే డీకన్ రాయిస్టన్ ఒక్కడే వెనక గుమ్మం దగ్గరికొచ్చాడు. నాన్న చెవిలో ఏదో చెప్పి గబగబా వెళ్లిపోయాడు.

ఏంటని నాన్నని అడిగాను. ఆయన భార్య పెట్టుకొచ్చే, చర్చిలో అందరూ కళ్లప్పగించి చూసే ఆ పూల టోపీలన్నీ డీకనే కుడతాడట.