నేపాల్ పోయేకి ఓటరు కార్డు

మంగళవారం, బలసముద్రం

పొద్దున హొసకోట నుంచి, మేం దుడ్డు కట్టిండే టూరు ఆయప్ప ఫోన్ చేసినాడు. నేపాల్ పోయేకి మా ఇద్దరి ఓటరు కార్డులూ తెచ్చి చూపించల్లంట. మా ఇంటాయన పోయిన నెల చనిపోయిండేది ఆయప్పకు తెలీదు. నేనూ చెప్పలేదు.

మా ఇంటాయన ఉన్నప్పుడు, సోలార్ ప్లాంటులో ప్లేట్లు కడిగే పనికి పోయి, పక్కనోళ్లకంతా అదే పాఠం చెప్తాండె. "నేపాల్‌కు పాస్‌పోర్టు వద్దు, వీసా వద్దప్పా. ఓటరు కార్డు ఒరిజినల్ ఉండల్ల. ఆధార్‌ను నమ్ముకోని పోతే బార్డర్ కాడ నిలబెడతారు. పెద్ద నోట్లు ఆడ తీసుకోరు, నూర్ల నోట్లే పెట్టుకోవల్ల."

పెట్టెంతా గుమ్మరించి వెతికినాను. కొత్త స్వెట్టర్లు రెండూ ఉండాయి. కార్డులు లేవు. అప్పుడు గుర్తొచ్చింది. యాడ మర్చిపోతామో అని, టూరుకు కుట్టించుకున్న తెల్లచొక్కా జేబులో రెండు కార్డులూ ఒకే కవర్లో పెట్టి, పైన పిన్నీసు కూడా పెట్టినాడు. ఆ జాగర్త మండిపోను! ఆయన్ను మట్టిలో పెట్టే రోజు, అన్నకు కొత్త బట్టలేమన్నా ఉండాయా వదినా అని మరిది అడిగితే, ఆ చొక్కానే నా చేతులారా తీసిచ్చినాను. జేబు తడిమి చూడాలని తోచలేదు.

సాయంత్రం మళ్లా ఫోన్.

"కార్డులు దొరికినాయామ్మా?"

"మా ఇంటాయన జేబులో ఉండాయప్పా."

"ఇంకేమమ్మా, నువ్వెందుకు బస్సెక్కేది? ఆయప్పనే తెచ్చిచ్చి పొమ్మను."

చెప్తానప్పా అన్నాను.