కొట్టు అద్దెకివ్వడం లేదు

ఆదివారం సాయంత్రం

అక్కకి,

నమస్కారాలు. బావగారికి కూడా. కాకపోతే ఆయనకి ఇది మొత్తం చదివాక చెప్పు, ముందే చెప్తే ఆ నమస్కారం నా మొహానే తిప్పికొడతారు. ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే టైపు చేసి పంపుతున్నా. తప్పులుంటే సర్దుకో, వేళ్ళకి పిండంటుకుని ఉంది.

సంగతేంటంటే, కొట్టు అద్దెకివ్వను. బావగారు చూసిన ఆ ఫోన్ కవర్లాయన మంచివాడే అయ్యుండొచ్చు, రేపు అడ్వాన్సు పట్టుకుని వస్తాడట, రావద్దని చెప్పండి. జ్వరమొచ్చి పోయాక నా నోటికి రుచి తెలియట్లేదని మీరిద్దరూ తెగ బాధపడ్డారు, కాదనను. కానీ నోరు చచ్చిపోయిన మనిషి మిఠాయిలేం చేస్తుంది, ఉన్న పేరు పోగొట్టుకోకముందే తలుపులు మూసెయ్ అన్నావు చూడూ, ఆ మాట ముల్లులా దిగిందే అక్కా. అయినా ఇప్పుడా గొడవ లేదులే. రుచి తిరిగొచ్చింది. బ్రహ్మాండంగా తెలుస్తోంది.

నమ్మకపోతే ఈ శని ఆదివారాలు ఏం చేశానో విను. అమ్మకానికి కాదు, అచ్చంగా మా నోళ్ళ కోసం.

శనివారం పొద్దున్నే బంగాళదుంపలు వేపాను. సన్నమంట మీద, మూత పెట్టకుండా, అంచులు ఎర్రబడి గరిటె తగిలితే కరకరమనేలా. దాంతో వేడన్నం, పైన ధారాళంగా నెయ్యి. మా ఆయన తినేసి, మళ్ళీ పెట్టించుకుని, ఇక లేవలేనని అక్కడే గోడకి జారబడ్డాడు. ఎలా ఉందంటే సూపరన్నాడు. ఆయన మాట లెక్కలోకి రాదనుకో, పెళ్ళైన కొత్తలో నేను మాడ్చిన పప్పు కూడా సూపరే. మధ్యాహ్నం పాలల్లో బియ్యం ఉడికించి పంచదార పోశా. తిప్పుతుంటే పాలు చిక్కబడి మీగడ రంగుకి తిరిగాయి, బుడగలు బరువుగా, బద్ధకంగా పేలుతున్నాయి. ఆ చప్పుడు విని ఎన్నాళ్ళైందో! పక్కింటి దర్జీ మిషను ఆపేసి మరీ కిటికీలోంచి గిన్నె చాపాడు. ఎప్పుడు తెరుస్తావమ్మా, ప్యాకెట్ బిస్కెట్లు తిని తిని నా నోరు అట్టముక్కైపోయింది అని ఒకటే గోల.

ఇవాళ కోడికూర. తర్వాత వేరుశనగ పాకం బిళ్ళలు. పాకం చుక్క నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక తీసి గిన్నెకేసి కొడితే టంగుమంది. నీకు చెప్తే నవ్వుతావు, కళ్ళనీళ్ళొచ్చేశాయి. చెయ్యి మర్చిపోలేదే అక్కా! కేకు కూడా పెట్టాను, పొంగుతోంది.

అన్నట్టు అత్తయ్య సంగతి చెప్పాలి. ఎప్పుడూ హాల్లో కూర్చునే మనిషి, ఇవాళ పొద్దున కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పొయ్యి పక్కనే వేసుకున్నారు. ఇక చూస్కో. ఈ కోడికి బతికున్నప్పుడు తిండి లేదు, చచ్చాక ఉప్పు లేదు, దాని ఖర్మ అన్నారు. ఉప్పేస్తే ఇప్పుడు కారం గొంతు పట్టుకుందన్నారు. పాకంలో ఏలకులు వేశావా, పైనుంచి చూపించి డబ్బాలో పెట్టేశావా అన్నారు. పాత నేనైతే గరిటె విసిరి పారేసేదాన్ని, నీకు తెలియందేముంది. ఇవాళ నోరెత్తకుండా ఒక్కొక్కటీ సరిచేశాను. మా ఆయనకి భయమేసి, మీ ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఒక్కటి చెప్తా విను. ఆ జ్వరం పోతూ పోతూ నా ఒంట్లోంచి చాలా పట్టుకుపోయింది. సరే, పోనీ. ఇక కొట్టు కూడా ఇచ్చి పంపమంటే ఎలా? పిలవని చుట్టం వెళ్తుంటే ఇల్లు మూటగట్టి చేతికిస్తామా?

సీసాలన్నీ కడిగి ఎండబెట్టాను. అద్దాలు తుడిచాను. రేపు తెరుస్తున్నా. ఇష్టమైతే వచ్చి తిను, కష్టమైతే అక్కడే కూర్చుని అలుగు.

నీ మొండిఘటం
చెల్లెలు

తాజా కలం: పంపేముందు అత్తయ్యకి చదివి వినిపించాను. అన్నీ రాశావు, అసలుది మింగేశావు, అక్కకి అబద్ధం చెప్పి కొట్టు తెరిచేటట్టైతే నేను ఆ కుర్చీలో కూర్చోను అన్నారు. అందుకని రాస్తున్నా.

రుచి తిరిగి రాలేదక్కా. రవ్వంత కూడా. ఈ రెండ్రోజులూ నాకు తెలిసింది మెత్తనా, కరకరా, వేడా, అంతవరకే. నిన్న ఆ పాల అన్నం అత్తయ్య చిన్న గిన్నెలో తెచ్చి నన్ను తినమన్నారు. తిని, తీపి సరిగ్గా కుదిరింది అత్తయ్యా అన్నాను. ఆవిడ అందులో గుప్పెడు ఉప్పు కలిపి తెచ్చారు.

కొడుక్కి చెప్పలేదు. నన్ను తిట్టనూ లేదు. గిన్నె కడిగి బోర్లించి, చెయ్యడం నీకొచ్చు, వంకలు పెట్టడం నాకొచ్చు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని అవ్వదా అన్నారు. కాబట్టి రేపు తెరవడం మాత్రం ఖాయం. ఇప్పుడు బావగారికి నిజం చెప్పినా నాకు భయం లేదు.

కాపరానికి వచ్చినప్పట్నించీ ఆవిడ నా వంటకి వంక పెట్టని రోజు కోసం ఎదురుచూశాను. ఇందాక కేకు ముక్క నోట్లో వేసుకుని ఏమీ అనలేదు. ఏమైంది అత్తయ్యా, ఏం తగ్గింది, చెప్పండి అని వెంటపడ్డాను.

నములుతున్నాను, ఆగవే అన్నారు.