బండల సందుల్లో కొట్టిన మందు

గోరేబాళ, రాయచూరు జిల్లా,
18 సెప్టెంబరు 2025, గురువారం.

చిరంజీవి నిఖిలేశ్‌కు నాయనమ్మ ఆశీస్సులు.

మీ నాన్న, మీ అమ్మ, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. ఆరోగ్యం వరకే ఆ మాట నిజం. నీకు హాస్టలు తిండి పడుతోందని తలుస్తాను. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, పక్కనుంచి మీ నాన్న వింటాడు. ఇది ఆగకుండా చివరిదాకా చదవవలసిన సంగతి. వచ్చే వారం శుక్రవారం, 26న, వ్యవసాయ శాఖ వాళ్లు పంపన్న పత్తిచేను చూడటానికి వస్తున్నారు. ఆలోగా నీకు తెలియాలి.

ముందు నీ ఉత్తరానికి జవాబు. చేత్తో రాసే అలవాటు మానలేదు, సంతోషం. రెండుచోట్ల ఒత్తులు తప్పావు. మీ అమ్మకు మోకాలు తగ్గింది. కాలువ నీళ్లకు లోటు లేదు, వరి పిలకలు వేస్తోంది.

పెరట్లో బండల సందుల్లో కలుపు చచ్చిందా అని అడిగావు. చచ్చింది. గలిజేరు, పాయిలాకు మెలికలు తిరిగి నల్లబడి రాలిపోయాయి. గరిక మాత్రం అలాగే ఉంది. ఏటా చవితికి ముందు పీట వేసుకుని, కొడవలి మొనతో ఆ సందులన్నీ నేనే గీకేదాన్ని. ఈసారి నడుము వంగలేదు. వరిలో వెడల్పాకు కలుపుకు తెచ్చిన మందు కాస్త మిగిలి ఉంటే, పండక్కి వచ్చిన నువ్వు ట్యాంకులో కలిపి చిటికెలో కొట్టేశావు. వద్దందామనుకున్నాను. బండలు శుభ్రపడతాయన్న ఆశకొద్దీ అనలేదు.

మందారం పూస్తోందా అని కూడా అడిగావు. లేదు. బండల అంచున ఉంది కనుక మందు తుంపర తగిలినట్టుంది. కొత్తగా వచ్చే ఆకులకు వెడల్పు లేదు. ఈనెలు దగ్గరికి లాక్కుని, కోడికాలి వేళ్లలా సన్నగా ముడుచుకుని వస్తున్నాయి.

ఇక నీ ఆఖరి ప్రశ్న. దానికి జవాబు పంపన్న దగ్గర మొదలుపెట్టాలి.

నీకు కాలువలో ఈత నేర్పినవాడు, మన మళ్లకు ఎగువన నీరెక్కని చేలో పత్తి వేసుకుని బతికేవాడు. నువ్వు బస్సెక్కిన ఉదయమే వచ్చాడు.

"అవ్వా, పత్తికి దోమ వడ్డది. జర మీ మందు ట్యాంకు ఇస్తవా? మాపటికి తెచ్చిస్త."

"కడిగి తేవాలి."

"ఎన్నడన్న కడగకుండ తెచ్చిన్నా? నీకు బయపడి మా ఇంటిదాని గిన్నెల కన్న ఎక్కువ తోముత." అని నవ్వి, "మరి మీరు కడిగిండ్రా?" అన్నాడు.

"మా ఇంట్లోంచి కడగని వస్తువు గడప దాటదయ్యా" అన్నాను. మూత తీసి చూడలేదు.

పదిరోజులు గడిచాక నన్ను చేను దగ్గరికి తీసుకువెళ్లాడు. ఒక కొమ్మ తుంచి నా చేతిలో పెట్టాడు. "ఏందిదవ్వా? పత్తి ఆకు బెండాకు లెక్క అయింది. పూత లేదు, కాయ లేదు. ఆ యెంకోబరావు ఖరాబు ఇత్తనం అంటగట్టిండు."

అది మన మందారం ఆకే. అదే ముడత, అదే సన్నదనం. పత్తీ మందారమూ ఒక్క కుటుంబమని నువ్వు తొమ్మిదో తరగతిలో నాకు అప్పజెప్పావు. ట్యాంకులో మిగిలిన ఆ కలుపుమందే ఇక్కడా పడిందని అక్కడ నిలబడే నాకు అర్థమైంది. "చూద్దాంలే" అని వచ్చేశాను.

మళ్లీ ట్యాంకుకు వచ్చాడు, ఏదో బలం మందు కొడతానని. ఈసారి నేనే బోరు దగ్గర కూర్చుని, సబ్బునీళ్లు పోసి, గొట్టంలోంచి కూడా పారించి, మళ్లీ మళ్లీ కడిగి ఇచ్చాను. "ఇయ్యాల ఏంది అవ్వా, దేవునికి అభిషేకమా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు, చెప్పలేదు.

శనివారం నీ ఉత్తరం వచ్చింది. చివర సంతకం కింద ఇరికించి రాశావు: "నాయనమ్మా, ట్యాంకు కడగడం మరిచి బస్సెక్కాను. కడిగించావా?" ఈ ఒక్కమాటకు ఉత్తరం కాదు, ఫోను కావలసింది. కడిగించలేదు, నాయనా. నీ జవాబు ఇదే.

ఆదివారం పంపన్న తెల్లకాగితాలు పట్టుకుని వచ్చాడు. "అవ్వా, నీ లెక్క రాసేటోళ్లు ఈ ఊర్ల లేరు. సదివినోని కండ్లల్ల నీళ్లు రావాలె." రాశాను. వ్యవసాయ శాఖకు అర్జీ, ఇక్కడికి వచ్చాక నేర్చుకున్న కన్నడంలో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. నకిలీ విత్తనమని రాశాను. సింధనూరులో విత్తనాల అంగడి నడిపే వెంకోబరావు పేరు రాశాను. తెలియక రాయలేదు. అప్పటికి నీ ఉత్తరం నా దిండు కింద ఉంది.

నిన్ను కాపాడటానికి అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. గడప దాటదన్న నా మాట అబద్ధమని పంపన్న ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అది మిగతా సగం.

మంగళవారం పంపన్న, ఊళ్లోవాళ్లు కలిసి వెంకోబరావు అంగడి మీదికి వెళ్లారు. సాయంత్రం పంపన్న భార్య మహాదేవమ్మ మన వసారాలో కూర్చుని చెప్పింది. "నీ అర్జీ బజారుల సదివిన్రవ్వా. ఆడోళ్లు గూడ ఏడ్చిరి. గప్పుడు లేసిన్రు జనం. ఎవడో రాయి ఇసిరిండు, కంటికి తగిలింది వానికి. రాయచూరు ఆస్పత్రిల ఏసిన్రట. ఆ కన్ను ఇగ కనబడదట. గట్లనే కావాలె వానికి." మీ అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది.

నిన్న మీ నాన్నకు అంతా చెప్పాను. లేచి వీధి తలుపు మూసి వచ్చాడు. తర్వాత, "నువ్వు ఊరుకోమ్మా. చెప్పావంటే వెంకోబరావుకి పట్టిన గతే మనకీ పడుద్ది. నేనిక్కడే పుట్టినా వాళ్లకి మనం ఆంధ్రా నుంచి వచ్చినోళ్లమే. పిల్లాడి చదువు కూడా పోద్ది" అన్నాడు.

"ఆయన కన్ను పోయింది కదరా."

"మనం చెప్తే తిరిగొస్తదా?"

తిరిగి రాదు. వాడు చెప్పిన ఏ మాటా తప్పు కాదు. అయినా శుక్రవారం ఆ అధికారులు విత్తనానిదే తప్పని రాసుకుంటే, కన్ను పోయిన మనిషి దొంగగా కూడా మిగిలిపోతాడు. పంపన్న మళ్లీ ఏడాది దాకా తన దురదృష్టానికి తప్పు చేయని మనిషిని తిట్టుకుంటాడు. అందుకని, జరగవలసినవి కింద రాస్తున్నాను. వీటిలో మార్పు లేదు.

1. వచ్చే గురువారం రాత్రికల్లా నువ్వు ఇంటికి చేరాలి. మీ నాన్న ఫోను చేసి రావద్దన్నా రావాలి.

2. మందారం కొమ్మలు ఎవరూ కత్తిరించకూడదు. అధికారులు ఆ ఆకునూ పత్తి ఆకునూ పక్కపక్కన పెట్టి చూడాలి.

3. నువ్వు చేసింది నువ్వు చెప్పాలి, నేను చేసింది నేను చెబుతాను. ఒకరిది ఇంకొకరు నెత్తిన వేసుకోవద్దు.

4. రెండో అర్జీ రాసి పెట్టాను. మొదటిది చదివిన బజారులోనే దీన్ని నేను చదువుతాను. గొంతు ఆగిపోతే నువ్వు అందుకోవాలి.

5. నా పేరనున్న కాలువ పక్క మడిలో ఈ పంటా, వచ్చే పంటా పంపన్నవి. మీ నాన్నతో నేను మాట్లాడతాను.

6. ఆ తర్వాత రాయచూరు వెళతాం. వెంకోబరావు ఇంటివాళ్లు లోపలికి రానివ్వకపోతే బయట నిలబడతాం. క్షమించమని అడగం.

7. శుక్రవారం చేను దగ్గర పంపన్న నా మీద చెయ్యెత్తితే నువ్వు అడ్డం రాకూడదు.

ఇట్లు,
నీ నాయనమ్మ,
సీతారావమ్మ