తార్నాకలో తిమింగలాల పంచాయితీ

తార్నాకలోని నా సొంత ఫ్లాటులో, మధ్యాహ్నం భోజనం చేసి, ఫ్యాను కింద కూర్చుని, నా చేత్తో నేను రాసుకుంటున్న వీలునామా ఇది.

నేను, గుండెబోయిన సుధామయిని. తండ్రి కీ.శే. బిక్షం, తల్లి కీ.శే. ఈరమ్మ. స్వస్థలం జనగామ దగ్గరి పల్లె. యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఎవరి బలవంతమూ, బుజ్జగింపూ లేకుండా, పూర్తి తెలివితో ఈ ఏర్పాట్లు చేస్తున్నాను. నా మతి స్థిమితంగా ఉన్నదని మా డాక్టరు కాగితం రాసిచ్చారు. ఎదురు ఫ్లాటులో ఉండే ప్రొఫెసర్ శశిభూషణ్ గారు ఆ కాగితం చదివి, “తిమింగలాల విషయంల తప్ప అని ఒక ముక్క చేర్చండి డాక్టర్ సాబ్” అని అడిగారు. డాక్టరు చేర్చలేదు. కనుక ఈ వీలునామా తిమింగలాల విషయంలో కూడా చెల్లుతుంది. ఇంతకు ముందు నేను రాసినవేమైనా దొరికితే రద్దయినట్టే.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా పూర్వ విద్యార్థిని ప్రవళికది. సీతాఫల్‌మండి పిల్ల. ఇప్పుడు తీరంలో సముద్ర జీవుల సర్వేలు చేస్తుంటుంది. నా బంధువులు కేకలు వేస్తే బెదరదు. బోటు ఇంజన్ల మోత పక్కన పని చేసి చేసి దానికి కేకలు వినపడడం మానేశాయి.

2. ఊళ్లో నా వాటాకు వచ్చిన పొలం మా అన్న కొడుకు దయాకర్‌కు చెందాలి. అది వాడి తాత చెమట. ప్లాట్లు చేసి అమ్మకూడదని నా కోరిక. కోరిక మాత్రమే, షరతు కాదు. షరతు పెడితే వాడు దాన్ని తప్పించుకోవడానికే బతుకంతా ఖర్చు పెడతాడు.

ఆ పొలం గట్టు మీదే ఒకసారి నాయినకు తిమింగలం గురించి చెప్పాను. అది లోతుకు పోయి తింటుందనీ, పైకి వచ్చి పెంట వేస్తుందనీ, ఆ పెంటతో కంటికి కనిపించని నాచు పెరుగుతుందనీ, ఆ నాచు మీదే చేపలు బతుకుతాయనీ. నాయిన బీడీ ఆర్పి, “అంటే సముద్రానికి గవే ఎడ్లన్నట్టు. ఎడ్లను కోసుకతింటే పంటెట్ల పండుతది?” అన్నాడు. ఆ మాటను ఎన్ని సెమినార్లలో వాడుకున్నానో. మొదటిసారి వాడినప్పుడే శశిభూషణ్ గారు లేచి, “మీ నాయిన ముసలి ఎడ్లను అంగట్ల అమ్మలేదా మేడం?” అని అడిగారు. అమ్మాడు. ఆ రోజు నేను కూర్చోవలసి వచ్చింది.

3. నా దుర్భిణి శశిభూషణ్ గారికి. తిమింగలాలను చూడాలని కొన్నాను. క్యాంపస్‌లో వడ్రంగిపిట్టలను, ఎదురు బాల్కనీలో ఆయన లుంగీ కట్టుకోవడానికి పడే అవస్థను చూడడానికే ఎక్కువగా ఉపయోగపడింది.

ఆయన ఎవరో తెలియనివారి కోసం రాస్తున్నాను. అర్థశాస్త్రం చెప్పేవారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, తిమింగలాల వ్యాపార వేట మీద ప్రపంచ దేశాలు పెట్టిన నిషేధం ఉండాలా పోవాలా అని క్యాంపస్‌లో ఒక చర్చ పెట్టారు. ఉండాలని నేను. పోవాలని ఆయన. సముద్రం ఇక్కడికి ఒక రాత్రి రైలు ప్రయాణం దూరం. ఇద్దరిలో ఒక్కరం కూడా తిమింగలాన్ని చూడలేదు. అయినా హాలు నిండింది.

నేను చెప్పవలసింది చెప్పాను. కొన్నేళ్లకొక్క పిల్లను కనే జంతువు, వేటాడితే తొందరగా కోలుకోదు. నీళ్ల కింద ఉన్నదాన్ని లెక్కపెట్టడం ఊహే. కోటాలు పెట్టిన కాలంలో కూడా దొంగలెక్కలు రాసి చంపారు. బల్లెం దిగాక అది వెంటనే చావదు. ఆయన వంతు వచ్చింది. సంఖ్య బాగా ఉన్న జాతులను కొలిచి పట్టుకుంటే తప్పేమిటన్నారు. చలిదేశాల తీరంలో దాని మీదే బతికినవాళ్లను మనం ఎట్లా తిడతామన్నారు. అసలు సంగతేమిటంటే, చర్చకు ముందే ఆయన పిల్లలందరికీ మటన్ బిర్యానీ పొట్లాలు పంచిపెట్టారు.

“పిల్లలూ, మీ చేతిల ఉన్న మేకకు ఓటు లేకపాయె. తిమింగలానికి ఎందుకుండాలె?” అన్నారు.

పిల్లలు బల్లలు చరిచారు. ఓట్లలో నేను ఓడిపోయాను. ఆ పొట్లం నేనూ తిన్నాను కాబట్టి గట్టిగా తిట్టనూ లేకపోయాను. బిర్యానీ బాగుంది. అది వేరే కక్ష.

ఆ తర్వాత ఏటా ఆ చర్చ జరిగింది. ఒక ఏడు ఆయన గెలిస్తే ఒక ఏడు నేను. చర్చ అయిపోయాక క్యాంటీన్లో చాయ్ దగ్గర మళ్లీ మొదటినుంచీ అదే. అట్లాంటి ఒక సాయంత్రం ఆయన కప్పు కింద పెట్టి, “మనం పెండ్లి చేసుకుంటే ఎట్లుంటది?” అని అడిగారు. నాకు ఇష్టమే. ఆ మాట ఇప్పుడు దాచేది లేదు. కానీ గెలవాలని కూడా ఉండె.

“ఒక్కసారి సభల నిలబడి తిమింగలాలను చంపొద్దని చెప్పుండ్రి. రేపే చేసుకుందాం,” అన్నాను.

ఆయన కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. “నమ్మని మాట చెప్పి వచ్చినోణ్ని మీరెట్ల నమ్ముతరు మేడం?” అన్నారు.

ఆ జవాబుతో ఆయన మీద గౌరవం రెండింతలైంది, పెళ్లి మాత్రం ఆగిపోయింది. ఇద్దరం ఇంకెవరినీ చేసుకోలేదు. ఆయన వచ్చి నా ఎదురు ఫ్లాటే కొన్నారు. గాలి బాగా వస్తుందని చెప్పారు. ఆ వైపు ఏ కాలంలోనూ గాలి రాదు.

4. నా బీరువా కింది అరలో గుడ్డలో చుట్టి ఉన్న బూడిదరంగు ముద్ద దయాకర్‌కు.

నాయనా దయాకర్, అది నీదే. ఆ రోజు మెట్టుగూడ నుంచి దాన్ని సంచీలో పెట్టుకుని, తలుపు గడియ వేసి, “అత్తా, గట్టిగ మాట్లాడకు. తిమింగలం వాంతి. సెంట్ల కంపెనీలు ఎగబడి కొంటయట. అసలుదని నువ్వొక కాగితం రాసియ్యి,” అన్నావు. నేను సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి గుచ్చాను. గది నిండా కొవ్వొత్తి వాసన. నీ భార్య స్వరూప ఒక్కతే పడి పడి నవ్వింది. అది నిజమైనదైతే దగ్గర పెట్టుకున్నందుకు జైలు, అబద్ధమైతే కొన్నందుకు నవ్వులాట అని నీకు చెప్పాను. నువ్వు ముద్దను వదిలేసి మెట్లు దిగిపోయావు.

ఆ సాయంత్రం దాని మీద కూడా తగవే. “చూసిండ్రా, అమ్మకానికి దారి తెరిస్తే ఇట్లనే దొంగసరుకు వస్తది,” అని నేను. “దారి మూసిండ్రు కాబట్టే దొంగసరుకు వస్తది,” అని శశిభూషణ్ గారు. ఒక్క మైనపుముద్ద ఇద్దరి వాదాన్నీ రుజువు చేసింది. దయాకర్, దాన్ని నీ ఆఫీసు టేబుల్ మీద పెట్టుకో. భూముల కాగితాల మీద బరువుగా పనికొస్తుంది.

నా రెండు పేటల గొలుసు, పోచంపల్లి చీరలన్నీ స్వరూపకు. ఆ నవ్వుకు. ఆ ఇంట్లో నవ్వు కనిపెట్టుకుని ఉండేది ఆమె ఒక్కతే.

5. ఈ పేరాను ప్రవళిక బంధువులందరినీ కూర్చోబెట్టిన తర్వాతే చదవాలి.

అప్పటికే వ్యాపార వేటకు మళ్లీ దిగిన జపాన్, ఇంకో పెద్ద జాతిని కూడా పట్టేవాటిలో చేర్చిన ఏడాది, ప్రవళిక నన్ను విశాఖ అవతలి తీరంలో తన సర్వే చూడడానికి రమ్మన్నది. శశిభూషణ్ గారు, “నేను సముద్రం చూస్త, తిమింగలం గురించి ఒక్క మాట కూడ వినను,” అనే ఒప్పందం మీద వచ్చారు. రెండో రోజు పొద్దున ఒడ్డున జనం. ఒక పిల్ల తిమింగలం ఇసుకలో ఒరిగి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, మేము వచ్చిన ఆటో కంటే కొంచెం పొడవు. జీవితమంతా నేను దేనికోసం వాదించానో ఆ జంతువు నా ముందుంది. పెద్దగా, తడిగా ఊపిరి వదిలింది. ఆ గాలి నా ముఖానికి తగిలింది. కంపు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

అటవీశాఖవాళ్లు, జాలరులు పోటు వచ్చేదాకా దాన్ని తడిగా ఉంచాలన్నారు. నేను నిలబడే ఉన్నాను. శశిభూషణ్ గారు లాడ్జికి పరుగెత్తి, మంచాల మీది దుప్పట్లన్నీ లాక్కొచ్చారు. మోకాళ్ల నొప్పి మనిషి, నడుము లోతు నీళ్లలోకి దిగి వాటిని తడిపి తెచ్చి కప్పారు. ఊపిరి రంధ్రంలోకి నీళ్లు పోకుండా చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన దాని చెవి ఉంటుందనుకున్న చోట వంగి మాట్లాడడం నేను విన్నాను.

“లెవ్వు బిడ్డా. గీడ నీకేం పని లేదు. మీ అమ్మ గాడ ఎదురుచూస్తది. లెవ్వు.”

మధ్యాహ్నం పోటు ఎక్కింది. అందరూ కలిసి నెట్టారు. అది ఒకసారి తిరిగి వెనక్కే వచ్చింది. మళ్లీ నెట్టారు. తోక విదిలించి వెళ్లిపోయింది, ఆయన కళ్లద్దాలు కూడా పట్టుకుపోయింది. ఇట్లాంటివి మళ్లీ ఒడ్డుకు రావడం మామూలేనని ప్రవళిక ముందే చెప్పింది. మర్నాడు తెల్లారి ముగ్గురం తీరమంతా వెతికాం. రాలేదు. బతికిందో లేదో తెలియదు. రాలేదన్నదే తెలుసు.

ఆ తర్వాత చాయ్ బండి దగ్గర బెంచీ మీద ఆయన కూర్చుని, “గిదాంతోని నా మాట మారదు. కొలిచి పట్టుకుంటే తప్పు లేదు,” అన్నారు.

“దీన్ని కూడానా?” అన్నాను.

కళ్లద్దాలు లేని కళ్లతో సముద్రం వైపు చూశారు. “దీన్ని తప్ప,” అన్నారు.

“అయితే పెండ్లి చేసుకుందాం,” అన్నాను.

“షరతు?”

“ఏం లేదు.”

హైదరాబాదు వచ్చి రిజిస్ట్రారు దగ్గర చేసుకున్నాం. కనుక పైన రాసిన ప్రొఫెసర్ శశిభూషణ్ నా చట్టబద్ధమైన భర్త. ఎవరికీ చెప్పలేదు, చెబితే కాలనీ అంతా విందు అడుగుతుంది, ఆయన మటన్ అంటారు, నేను వద్దంటాను. ఎవరి ఫ్లాటులో వాళ్లమే ఉంటున్నాం, ఆయన గురక వల్ల. తలుపులు మాత్రం పగలంతా తెరిచే ఉంటాయి. దయాకర్, నీళ్లు తాగు.

6. నా ఫ్లాటును ప్రవళిక అమ్మించాలి. నా భర్తకు తన ఇల్లు ఉంది, నాది అక్కర్లేదని రాసిచ్చారు. వచ్చిన డబ్బు మీద వడ్డీతో, సముద్రం చూడని క్యాంపస్ పిల్లలను ఏటా తీరానికి తీసుకుపోవాలి. జంతుశాస్త్రం వాళ్లనే కాదు, అర్థశాస్త్రం వాళ్లను కూడా. తీరం శుభ్రం చేసే పనిలో ఒక పూట చెయ్యి వేయించాలి. తెగిన వలలు, ప్లాస్టిక్ సంచులు వాళ్ల చేతులతోనే ఏరాలి. ఆ తర్వాత వేటను సమర్థిస్తారో, వ్యతిరేకిస్తారో వాళ్ల ఇష్టం. చూడకుండా మాట్లాడే రోగం నాతోనే పోవాలి.

నా అస్థికలను సముద్రంలో కలపవద్దు. దానికి ఇప్పటికే చాలా కలిపారు. క్యాంపస్‌లో ఏ చెట్టు మొదట్లోనైనా వేయండి.

7. నాకు సంతాప సభ పెట్టకూడదు. ఆమె గొప్పది, మంచిది అని మైకులో అబద్ధాలు చెప్పించకూడదు. దానికి బదులు పాత హాల్లోనే చర్చ పెట్టాలి. విషయం అదే. వేటను సమర్థించే పక్షాన ఎవరైనా పిల్లలు మాట్లాడవచ్చు. తిమింగలాల పక్షాన మాట్లాడవలసినది శశిభూషణ్ గారు.

నమ్మని మాట చెప్పనని మీరు అంటారని తెలుసు. నమ్మమని అడగడం లేదు. నేను లేను కాబట్టి నా వంతు మాట్లాడమని అడుగుతున్నాను. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని విన్నారు. నా మాటలు నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఎక్కడ తడబడతానో, ఎక్కడ గొంతు పెంచుతానో కూడా. ఓడిపోయినా ఫర్వాలేదు. సగం మాటతో మాత్రం కూర్చోవద్దు.

పై ఏర్పాట్లన్నీ నా ఇష్టపూర్వకంగా చేసి, చదువుకుని, ఒక చోట నవ్వుకుని, సంతకం చేస్తున్నాను.

తార్నాక, హైదరాబాదు
14 ఆగస్టు 2025

(సంతకం) గుండెబోయిన సుధామయి

సుధామయి గారు మా ఇద్దరి కళ్లముందు సంతకం చేశారు. ఆమె ముందు మేమూ చేశాం.

సాక్షులు:
1. నవనీత, రిటైర్డ్ లైబ్రేరియన్, మూడో అంతస్తు, తార్నాక
2. నరేందర్, మందుల దుకాణం, తార్నాక