పదేళ్ళ కిందటి రేటు

అక్కా,

జ్వరం తగ్గింది, బెంగ పెట్టుకోకు. మళ్ళీ డబ్బు మార్చే కౌంటర్లో కూర్చుంటున్నాను.

నిన్న ఒక పెద్దావిడ భర్త పెట్టెలో దొరికిన పాత రసీదులు పట్టుకొచ్చింది. ఆయన పదేళ్ళ కిందట పరాయి దేశంలో వెల్డరు. రసీదుల్లో నెలనెలా పంపిన మొత్తం అక్కడి డబ్బులో ఒక్కటే, ఆ ఏడాది ఆవిడ చేతికి అందింది మాత్రం అంతకుముందు అందినదాంట్లో సగం.

"రేటు పడిపోయిందన్నాడు. నేను నమ్మలేదు. మిగతా సగం ఎవత్తెకి పెట్టావన్నాను. అప్పట్నుంచీ మాకు మాటల్లేవమ్మా," అంది.

పాత రేట్ల పుస్తకం తీసి చూశాను. ఆ ఏడాది అక్కడి డబ్బు విలువ నిజంగానే సగానికి పడింది.

"ఆయన పైసా కూడా దాచుకోలేదు పిన్నిగారూ," అన్నాను.  ఆవిడ ఆ రేటు కాగితం మీద రాయించుకుని వెళ్ళింది.

ఇవాళ ఇద్దరూ వచ్చారు. "ఏం మందు వేశావు తల్లీ? నిన్నటి నుంచీ నోరు మూయడం లేదు!" అని ఆ పెద్దాయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

వంటింటి కప్పు బాగుచేయించారా? నా నీలం స్వెట్టరు పంపు. నువ్వూ బావా మాట్లాడుకోవడం లేదని అమ్మ రాసింది. ముందు ఆయన చెప్పేది పూర్తిగా విను. చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి