జల్లించకూడని ఊక

మిర్యాలగూడ,
శనివారం.

తమ్ముడు యాదయ్యను చల్లగా ఉండమని దీవిస్తూ అక్క లచ్చమ్మ రాసేది. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? మరదలు బీపీ గోలీలు వేళకు వేసుకుంటున్నదా? ఆపరేషన్ అయినంక మన చిన్నమ్మ కంట్లో నీరు కారడం తగ్గిందా? ఈనిన బర్రె మేత ముడుతున్నదా? ఒక్కొక్కరి సంగతి విడిగా రాయి. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కలో రాస్తే నాకు నిద్ర పట్టదు.

ఇక్కడ నేను, బిడ్డ సరోజ, అల్లుడు బాగానే ఉన్నాం. ఎండలు ముదిరాయి. మిల్లు వాసనకు అన్నం సయించడం లేదు గానీ తింటున్నాను, బెంగపడకు.

బిడ్డ మీద బరువు కావద్దని కాల్వ పక్కన ఇంత జాగా కౌలుకు పట్టి బంతి నారు పెట్టానని చెప్పాను కదా. అల్లుడు పనిచేసే మిల్లులో ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టిన నీళ్లు ఆ కాల్వలోకే వస్తాయి. పసుప్పచ్చని రంగు, పుల్లటి కంపు. నారు మాడిపోతున్నది. పూలు పూయకపోతే జాగా ఇంకొకరికి ఇస్తానన్నాడు ఆసామి. నువ్వేమో అన్నీ మానుకొని పెద్దవూర వచ్చెయ్యమంటావు. నేను రాను తమ్మీ.

మా వాడలో సైన్సు చెప్పే సునీత మేడం ఉంది. "అమ్మా, సగం కాలిన ఊక మురికిని పట్టుకుంటది. మిల్లు కాడ కుప్పలున్నయి గదా" అన్నది.

సరోజ ఒకటే నవ్వు. "మా అమ్మ ఊకతోని నీళ్లు కడుగుతదట!"

ఊక నింపి నీళ్లు వడకట్టడానికి మిల్లు మేనేజర్ కాల్వలో సిమెంటు తొట్టి పెట్టుకోనిచ్చాడు. కానీ నీళ్లు ఆగితే తీసేయిస్తానని ముందే చెప్పాడు.

అక్కడే తప్పు చేశాను. గిన్నెలు తోమే బూడిదను మనం బట్టలో జల్లిస్తాం కదా, ఆ అలవాటుకు ఊక మసిని కూడా మెత్తగా జల్లించి పోశాను. అది బురదలా గడ్డకట్టింది. తొట్టి పొంగి, నీళ్లు పక్కింటి మల్లమ్మ గడప ఎక్కాయి.

"ఏందే లచ్చక్కా, మురికి తీస్తనని మా ఇంట్లకు తోలినవా?" అని వాడంతా వినేలా అరిచింది. చీపురు పట్టి నేనే కడిగి వచ్చాను.

మేనేజర్ మనుషులను తీసుకొని వచ్చాడు. "జర ఆగు సారూ. తప్పు యాడ జరిగిందో తెల్సింది" అని తొట్టికి అడ్డం నిలబడ్డాను.

"సోమవారం దాకా సూస్త. మల్ల పొంగితే ఖతం" అని పోయాడు.

ఈసారి జల్లెడలోంచి రాలింది వదిలేసి, మిగిలిన ముతక నల్ల ఊకను నాలుగుసార్లు కడిగాను. కింద కంకర, పైన ఇసుక, ఆ పైన ఊక పరిచాను. నాలుగు రోజులుగా నీళ్లు ఆగలేదు. కంపు తగ్గింది, రంగు పలచబడింది. తాగడానికి కాదు, పూలకే అని మేడం గట్టిగా చెప్పింది. ముందు ఒక్క సాలుకే పోయమన్నది. ఆ సాలులో కొత్త చిగుళ్లు వచ్చాయి. అయినా నాకు భయమే, పొద్దుకు పదిసార్లు పోయి చూస్తాను. మురికి పట్టిన ఊకను తీసి ఎండబెడితే అల్లుడు మిల్లు పొయ్యిలో వేస్తున్నాడు.

నాలుగు పాత గోనె సంచులుంటే నా కోసం పక్కన పెట్టు, ఊక ఎండబోయాలి. చిన్నమ్మకు నా దండాలు చెప్పు, తొట్టి నిలబడాలని దీవించమను. మరదలిని ఉప్పు తగ్గించమను.

నువ్వు రేపే రమ్మన్నావు. సోమవారం మేనేజర్ చూసి పోయేదాకా నేను కదలను. కాదన్నాడంటే మంగళవారం మిల్లు గేటు ముందు కూర్చుంటాను. బుధవారం మాత్రం పొద్దున మొదటి బస్సుకు పెద్దవూరలో దిగుతాను. ఒక్క రాత్రే ఉంటాను, గురువారం ఊక మార్చాలి.

మీ అక్క
లచ్చమ్మ